బ్యాటింగ్ వరుస కట్టబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి నల్లగొండ నుంచి మేనమామ ఆశీస్సులు.

దేశవాళీ పోటీ అయిన రంజీ ట్రోఫీలో చేసిన పరుగుల ఆధారంగా భారత టెస్టు జట్టు బ్యాటింగ్ వరుసను నిర్ణయిస్తూ పత్రికకు వ్యాసం రాయబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు గర్వంగానే ఉన్నా, ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అంకెలంటే నీకు చిన్ననాటి నుంచీ మోజు. నా భయమూ అదే.

సగటులు, శతకాలు ఎలాగూ చూస్తావు. ఎవరి మీద కొట్టినవో కూడా చూడు. 2024 జనవరిలో మన హైదరాబాద్ ఓపెనర్ తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 147 బంతుల్లోనే మూడు వందలు దాటి 366 పరుగులు చేసినప్పుడు నేనూ మురిసిపోయాను. అయినా అది ప్లేట్ గ్రూపు, అంటే కింది అంచె జట్ల మ్యాచ్. మనవాడన్న అభిమానంతో తూకం మార్చవద్దు.

ఇన్నింగ్స్ ఆరంభించే ఓపెనర్ స్థానం ఖాళీగా ఉందని, పరుగులు చేసిన మిడిలార్డర్ (మధ్య వరుసలో దిగే) కుర్రవాణ్ని అక్కడికి నెట్టవద్దు. మన హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్ విషయంలో జరిగిన తప్పు ఇదే. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గానే 167 కొట్టాడు కనుక, అంకెలు మాత్రమే చూసేవారికి అది తప్పుగా కనిపించదు. ఆయనకు మాత్రం తన చోటు ఏదో తెలుసు. ఇక ఓపెనింగ్ చేయనని తేల్చి చెప్పాడు. ఆ సీజన్ రంజీలో 1415 పరుగులు, ఎనిమిది శతకాలు చేశాడు. 2001 మార్చిలో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద ఆరో స్థానంలో దిగి 59 చేసినవాణ్ని, ఫాలోఆన్‌లో (బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్ చేయాల్సి వచ్చినప్పుడు) మూడో స్థానానికి తెచ్చి, ద్రవిడ్‌ను ఆరుకు దించారు. నాలుగో రోజంతా ఒక్క వికెట్ పడలేదు. ఆ రోజు నేను ప్రతి పీరియడ్ మధ్యా అటెండరు రేడియో దగ్గరికి పరుగెత్తి, హెడ్‌మాస్టరుతో చీవాట్లు తిన్నాను. లక్ష్మణ్ 281 చేశాడు, ఇద్దరూ కలిసి 376 జోడించారు. ఆయన ఓపెనర్‌గానే మిగిలిపోయి ఉంటే ఇదంతా ఎక్కడిది?

సెహ్వాగ్ పేరెత్తి వాదిస్తావని తెలుసు. 2001లో ఆరో స్థానంలో తొలి టెస్టులోనే శతకం కొట్టినవాడు 2002లో ఓపెనరై నిలిచాడు, నిజమే. ఓపెనర్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కొత్త బంతే, కానీ అతడి ఆటకు కొత్త బంతి, పాత బంతి అన్న పట్టింపు లేదు. అలాంటివాణ్ని చూపించు, నోరు మూసుకుంటాను.

స్కోరుకార్డు అడుగున వికెట్లు ఎప్పుడెప్పుడు పడ్డాయో రాసే వరుసను బద్ధకించక చదువు. 15 పరుగులకు రెండు వికెట్లు పడ్డాక వచ్చి 70 చేసిన నాలుగో ఆటగాడు కొత్త బంతిని ఎదుర్కొన్నవాడు. జట్టు స్కోరు 210 మీద ఉండగా వచ్చి శతకం కొట్టినవాడి పరీక్ష వేరు.

కట్టిన వరుసను రెండు మ్యాచ్‌లకే కదిలించమని రాయకు. కరుణ్ నాయర్ 2024–25 రంజీలో 863 పరుగులు చేసి, ఎనిమిదేళ్ల తరువాత జట్టులోకి వచ్చాడు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఆరో స్థానం, తరువాతి టెస్టులో మూడో స్థానం. ఏ స్థానానికని తీసుకున్నారో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

రాత్రి రెండింటి దాకా లాప్‌టాప్ ముందే కూర్చుంటున్నావట. కళ్లు పాడుచేసుకుంటావా బిడ్డా? వ్యాసం పంపే ముందు నాకు చూపించు. మీ అమ్మ ఎలాగూ మెచ్చుకుంటుంది, నేను మాత్రం నీ ఓపెనర్లిద్దరి గురించీ గట్టిగానే అడుగుతాను.