టీవీలో కొట్టేసి చూపించే ధరకు చట్టంలో విలువెంత?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా నాయన రొయ్యల గుంటల కాడ కాపలా చూసుకుంటాడు. మధ్యాహ్నం పూట టీవీలో వాచీలు అమ్మే కార్యక్రమం చూసి, ఫోన్ చేసి ఆలుమగల జోడీ వాచీలు తెప్పించాడు. రూ.8,999 అని రాసి, దాన్ని కొట్టేసి, రూ.1,999కే అన్నారు. జపాన్ మెషిన్, బంగారు పూత, 30 మీటర్ల వరకు నీళ్లకు ఏమీ కాదు అని గాజు గిన్నెలో వేసి మరీ చూపించారు. ఇంకా 15 నిమిషాలే అని తెర మీద గడియారం తిప్పుతా ఉన్నారు. కొరియర్ అబ్బాయి డబ్బు తీసుకున్నాకే పెట్టె చేతికిచ్చాడు. రెండో నెలలో మా నాయన వాచీ అద్దం లోపల ఆవిరి పట్టి ఆగిపోయింది. ఇది జరిగి ఇప్పటికి నాలుగు నెలలు. ఫోన్ చేస్తే నీళ్లు దిగితే వారంటీ రాదు, అమ్మిన సరుకు వాపసు తీసుకోం అంటున్నారు. తగాదా ఏదున్నా ఢిల్లీ కోర్టుల్లోనే అని బిల్లు మీద ఉంది. అదే ఆఫర్ మొన్న కూడా ‘ఈ రోజు మాత్రమే’ అంటూ వచ్చింది. పోలీసు కేసు పెట్టొచ్చా? రెండు వేల కోసం ఢిల్లీ పోవాలా? చానెల్ వాళ్లకు బాధ్యత లేదా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఢిల్లీ పోనక్కర్లేదు, నెల్లూరు చాలు. వినియోగదారుల రక్షణ చట్టం–2019లో సెక్షన్ 2(7) వివరణ చూడండి. వస్తువు కొనడం అంటే టెలీషాపింగ్ ద్వారా కొనడం కూడా అని పేరు పెట్టి రాశారు. కాబట్టి టీవీ చూసి ఫోన్‌లో కొన్న మీ నాయన, ట్రంకు రోడ్డులో షాపుకెళ్లి కొన్నవాడితో సమానం. ఇక సెక్షన్ 34 ప్రకారం కొన్నవాడు ఎక్కడ నివసిస్తాడో, ఎక్కడ పని చేసుకుని బతుకుతాడో ఆ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. పాత 1986 చట్టంలో ఈ సౌకర్యం లేదు, అమ్మినవాడి ఊరో, వ్యవహారం జరిగిన చోటో చూసుకుని పోవాల్సి వచ్చేది. చట్టం కొన్నవాడికి ఇచ్చిన ఈ హక్కును, అతని సంతకం కూడా లేని బిల్లు వెనక చిన్న అక్షరాలు తీసేయలేవన్నది గట్టిగా నిలబడే వాదన. మీరు పంపే నోటీసుకు జవాబులో వాళ్లు ఆ ఢిల్లీ మాటే మొదట రాస్తారు. దానికి జంకొద్దు.

ఖర్చు సంగతి. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపుంటే కమిషన్‌లో ఫీజు లేదు. లాయర్‌ను పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు, మీ నాయనే స్వయంగా చెప్పుకోవచ్చు. మా వృత్తికి ఇది గిట్టుబాటు మాట కాదు గానీ, రెండు వేల వాచీకి లాయర్ ఫీజు కట్టమని ఏ లాయరూ మనస్ఫూర్తిగా చెప్పలేడు. గడువు రెండేళ్లు, మీరు నాలుగో నెలలోనే ఉన్నారు.

మీ ఉత్తరంలో అసలు విషయం ఆగిపోయిన వాచీ కాదనిపిస్తోంది, ఆ రూ.8,999. ఎమ్మార్పీ అనగానే మనవాళ్లకు అదేదో సర్కారు తూచి, లెక్కకట్టి వేసిన ముద్ర అనిపిస్తుంది. వాచీల విషయంలో అలాంటిదేమీ లేదు. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం పెట్టె మీద ఎమ్మార్పీ వేయాలి, అంతకు మించి అమ్మకూడదు. అది ఎంత ఉండాలన్నది తయారీదారు లేదా దిగుమతిదారు ఇష్టం. తొమ్మిది వేలు అచ్చు వేసుకుని రెండు వేలకు అమ్మితే ఆ నిబంధన కింద తప్పు పట్టడానికేమీ లేదు. టీవీ వ్యాపారం ఆ సందులోనే నడుస్తుంది. కొట్టేసిన ధరకు ఆ వాచీ ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎవరికైనా అమ్ముడుపోయిందా అన్న ప్రశ్న ఆ పదిహేను నిమిషాల్లో ఎవరికీ తట్టదు.

వినియోగదారుల చట్టానికి మాత్రం తట్టింది. సెక్షన్ 2(47)లో అనుచిత వాణిజ్య పద్ధతుల జాబితా ఉంది. సరుకు మామూలుగా ఎంతకు అమ్ముడుపోతుందన్న విషయంలో జనాన్ని తప్పుదోవ పట్టించడం అందులో ఒకటి, బేరం ధర అని ప్రకటించి ఆ బేరం ధరకు అమ్మే ఉద్దేశం లేకపోవడం ఇంకొకటి. బేరం ధర అంటే ఏమిటో కూడా వివరణ ఇచ్చారు: మామూలు ధరతో పోల్చి ఇది తక్కువ అని ప్రకటనలో చెప్పిన ధర, లేదా అలాంటి సరుకు మామూలుగా అమ్ముడుపోయే ధరలను బట్టి, చూసినవాడు సహజంగా బేరమే అనుకునే ధర. అంటే కొట్టేసిన రూ.8,999 మామూలు ధర కానే కాకపోతే, ఎమ్మార్పీ సక్రమంగా అచ్చు వేసినా సరే, ఈ సెక్షన్ కింద దొరుకుతారు.

దొరకడానికి రుజువు కావాలి, టీవీ కేసుల్లో కష్టమంతా అక్కడే. షాపువాడు గోడకు బోర్డు కడితే ఫొటో తీసుకుంటాం. టీవీలో చెప్పింది గాలిలో కలిసిపోతుంది. మీ అదృష్టం ఏమిటంటే ఆ ఆఫర్ ఇంకా వస్తోంది. ఇవాళ్టి నుంచి అది వచ్చినప్పుడల్లా ఫోన్‌లో వీడియో తీయండి. తేదీ, సమయం కనిపించేలా, చానెల్ గుర్తు పడేలా, కొట్టేసిన ధర, ‘ఈ రోజు మాత్రమే’ అన్న మాట, గిన్నెలో నీళ్లు అన్నీ వచ్చేలా తీయండి. ఇలాంటి నాలుగైదు వీడియోలు వేర్వేరు తేదీలవి ఉంటే, ‘ఈ రోజు మాత్రమే’ అన్నది వాళ్ల నోటితోనే అబద్ధమని తేలుతుంది. అదే మోడల్ వేరే చోట ఎంతకు అమ్ముతున్నారో స్క్రీన్‌షాట్లు తీయండి. తీసిన ఫోన్ దాచిపెట్టండి, ఆ వీడియోలు నేనే తీశానని అఫిడవిట్‌లో రాయాలి. భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఆ వీడియోలకు సర్టిఫికెట్ కూడా జత చేస్తే ఎదుటివాళ్లు అభ్యంతరం పెట్టే సందు మూసుకుపోతుంది.

తెర మీద తిరిగే గడియారం గురించి. ఇది మన దగ్గర పుట్టిన విద్య కాదు. 1977లో ఫ్లోరిడాలో ఒక వ్యాపారి రేడియో స్టేషన్‌కు ప్రకటనల బాకీ కట్టలేక, డబ్బుకు బదులు రేకు డబ్బాలు కోసే పరికరాలు ఇచ్చాడట. వాటిని రేడియోలోనే అమ్మేశారు, 1982 నాటికి అది కేబుల్ చానెల్ అయి కూర్చుంది. మనకు నలభై ఏళ్లు దాటిన ఆ పాఠమే హిందీ నుంచి తెలుగులోకి డబ్ అయి వస్తోంది. లేని తొందర పుట్టించడాన్ని 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాణ్ని మాయచేసే తెర మీది ఎత్తుగడలు) మార్గదర్శకాలు తప్పు అన్నాయి. అవి ప్రధానంగా వెబ్‌సైట్లు, యాప్‌లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ప్రకటనకర్తలకూ అమ్మకందారులకూ వర్తిస్తాయని ఉంది కాబట్టి వాదనలో చేర్చండి గానీ, బరువంతా దాని మీద పెట్టొద్దు. 2022 జూన్ 9 నాటి తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు మీకు మరింత దగ్గర.

ఇక యాంకర్ చెప్పిన గొప్పల్లో ఏది పట్టుకోవాలి, ఏది వదిలేయాలి? ‘రాజసం ఉట్టిపడుతుంది’, ‘ఊరంతా మీ చెయ్యే చూస్తుంది’ లాంటివి వదిలేయండి. అమ్మేవాడు పొగుడుకోవడాన్ని ఏ కోర్టూ పట్టించుకోదు. కొలిచి చూడగలిగిన మాటలే పట్టుకోవాలి. జపాన్ మెషిన్ అన్నది నిజమే అయ్యుండొచ్చు. జపాన్ కంపెనీల మామూలు క్వార్ట్జ్ మెషిన్లు చాలా చవక, వాటిని ఎక్కడ బిగించినా ఆ మాట అబద్ధం కాదు, గొప్పా కాదు. ఫిర్యాదులో దాన్ని తప్పని రాసి, విప్పి చూస్తే నిజమని తేలితే మిగతా మాటల బలం కూడా పోతుంది. మీ ఊళ్లో వాచీ మెకానిక్‌ను అడగొచ్చు గానీ, వెనక మూత ఇప్పుడే తీయించొద్దు. తీస్తే మీరే చెడగొట్టారంటారు. బంగారు పూతకు హాల్‌మార్క్ లేదేమని కొందరు అడుగుతారు. తప్పనిసరి హాల్‌మార్కింగ్ నుంచి వాచీలకు మినహాయింపు ఉంది, అది లేకపోవడం మోసానికి రుజువు కాదు.

నీళ్ల మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. వాచీ మీద 30 మీటర్లు అని ఉంటే ప్రయోగశాలలో మూడు వాతావరణాల పీడనం కదలకుండా తట్టుకుందని అర్థం. 30 మీటర్ల లోతుకు దిగొచ్చని కాదు, ఈతకు కూడా పనికిరాదు. వాన జల్లు, చేతులు కడిగేటప్పుడు పడే చిందులు, అంతవరకే. ఈ సంగతి వాచీ తయారుచేసే ప్రతివాడికీ తెలుసు. తెలిసీ గాజు గిన్నెలో ముంచి చూపించి, అసలు పరిమితి చెప్పకపోవడం ముఖ్యమైన సమాచారం దాచడమే. సెక్షన్ 2(28)లో తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఇచ్చిన నిర్వచనంలో అది ఉంది. పైగా తెర మీద నీళ్లకు ఏమీ కాదని, వారంటీ కార్డులో నీళ్లు దిగితే మాకు సంబంధం లేదని చెప్పడం రెండు నాలుకల మాట. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 15 ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి.

ఇక్కడ మీ నాయనను ఒక మాట అడగండి. ఆ వాచీతోనే రోజూ గుంటలో చెయ్యి పెట్టాడా? గుంటలో గాలి కలిపే ఏరియేటర్లు సరిచేయడానికి ఉప్పునీళ్లలోకి దిగాడా? దిగి ఉంటే దాచొద్దు. అవతలి లాయర్ ఎలాగూ అడుగుతాడు. ‘నీళ్లకు ఏమీ కాదని మీరు చూపించబట్టే చేతి నుంచి తీయలేదు’ అని ముందే రాస్తే బలహీనత కాస్తా బలమవుతుంది. కమిషన్ అనుకుంటే వాచీని పరీక్షకు పంపవచ్చు. దాని ఖర్చు ముందు మీ చేత కట్టించే వీలుంది కాబట్టి నేనైతే ఫిర్యాదును వాచీ నాణ్యత కంటే ప్రకటన మీద ఎక్కువ నిలబెడతాను. వీడియోకు ల్యాబ్ అక్కర్లేదు.

అమ్మిన సరుకు వాపసు తీసుకోం అన్న మాటకు ఇప్పుడు చట్టంలో చోటు లేదు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా అనుచిత వాణిజ్య పద్ధతే. మీ వాచీ రెండో నెలలో ఆగింది కాబట్టి ఆ 30 రోజుల మాట అక్షరాలా మీకు సరిపోదనే అంటారు. వారంటీ కాలంలోనే ఆగింది కదా, అది అడగండి.

పోలీసు కేసు వద్దు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం నిలబడాలంటే మొదటి నుంచీ దురుద్దేశం ఉందని చూపాలి. పెట్టెలో వాచీకి బదులు ఇటుక రాయి వస్తే ఆ దారి వేరు. మీకు వాచీ వచ్చింది, రెండో నెల దాకా తిరిగింది. స్టేషన్‌లో ఇది సివిల్ తగాదా అంటారు, వాళ్ల మాటలో తప్పు లేదు.

చానెల్ సంగతి కొంచెం మెలిక. ఆర్డర్ తీసుకున్నది, బిల్లు వేసింది ఆ చానెల్ కంపెనీయే అయితే అదే అమ్మకందారు, నేరుగా ప్రతివాది. గంటో అరగంటో అద్దెకిచ్చి ఎవరి కార్యక్రమమో వేసిన మామూలు చానెల్ అయితే, రోజువారీ వ్యాపారంలో భాగంగా వేశామని చెప్పుకునే రక్షణ వినియోగదారుల చట్టం సెక్షన్ 21లో ఉంది. కాబట్టి ముందు బిల్లు తీయండి. తెర మీద పేరు ఒకటి, బిల్లు మీద పేరు ఒకటి ఉండటం మామూలే. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉంటుంది. 07తో మొదలైతే ఢిల్లీ, 27 అయితే మహారాష్ట్ర. జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే కంపెనీ అసలు పేరు, చిరునామా వస్తాయి. నోటీసు ఆ చిరునామాకే పోవాలి. పెట్టె మీద దిగుమతిదారు పేరుంటే అతన్నీ చేర్చండి. పేరు, ఎమ్మార్పీ, ఏ దేశంలో తయారైందీ ఏవీ లేకపోతే తూనికలు కొలతల శాఖకు వేరే ఫిర్యాదు ఇవ్వండి, అది వాళ్ల పని.

వరస ఇలా పెట్టుకోండి. ముందు 1915కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే చెప్పొచ్చు. వాళ్లకు ఆర్డర్ వేసే అధికారం లేదు గానీ, రెండు వేల దగ్గర చాలా కంపెనీలు అక్కడే దిగివస్తాయి. ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. దిగిరాకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు చూడండి. తర్వాత నెల్లూరులోని జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి, ఆన్‌లైన్‌లో వినియోగదారుల కమిషన్ల వెబ్‌సైట్ ఈ–జాగృతి ద్వారా కూడా వేయొచ్చు. ధర వాపసు, కొంత నష్టపరిహారం, ఖర్చులు అడగండి. సెక్షన్ 39 కింద ఆ పద్ధతి మానుకోవాలని, దిద్దుబాటు ప్రకటన వేయాలని కూడా అడిగే హక్కు ఉంది, అదీ రాయండి. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, అంతకంటే ఎక్కువే పడుతుందనుకుని మొదలుపెట్టండి. లక్షలు వస్తాయని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి. ఆర్డర్ వచ్చాక కంపెనీ కట్టకపోతే సెక్షన్ 72 కింద జైలు దాకా పోవచ్చు, అందువల్ల వసూలు గురించి అంత బెంగ అక్కర్లేదు.

మీ ఒక్కరి డబ్బు సంగతి వదిలేసి ఆ ప్రకటననే ఆపించాలనుకుంటే దారి వేరే ఉంది. సెక్షన్ 17 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన మీద జిల్లా కలెక్టర్‌కు ఫిర్యాదు ఇవ్వొచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేటప్పుడు మీ వీడియోలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఇలాంటి ప్రకటనలపై మొదటిసారి రూ.10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఉంది. భూమి తగాదాల అర్జీల మధ్య మీ వాచీ కాగితం చూసి అక్కడి వాళ్లు నవ్వినా సరే, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

ఒకటి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఇలా టీవీ చూసి కొన్నవాళ్లకు కొన్నాళ్లకు పోస్టులో స్క్రాచ్ కార్డు వస్తుంటుంది. గీకితే కారు తగిలిందని ఉంటుంది, పన్ను ముందు కట్టమంటారు. మీ నాయన పేరు, ఫోన్ నంబరు, ఆయన ఏం కొన్నాడో అన్నీ కరెక్టుగా చెబుతారు కాబట్టి నమ్మబుద్ధవుతుంది. ఆ కార్డు వస్తే రూపాయి కూడా పంపొద్దని ఆయనకు ఇవాళే చెప్పండి. ఇప్పటికే పంపి ఉంటే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, కార్డు, కవరు పారేయకుండా పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లండి. అది మాత్రం పోలీసు కేసే.