ఆల్ప్స్‌లో ఒక సీజన్ పని: సంపాదనకు కాదు, ఖర్చు పెట్టి వెళ్తున్నామనుకోండి

ప్రశ్న: మేమిద్దరం డబ్లిన్‌లో ఎనిమిదేళ్ళుగా ఉంటున్నాం. పిల్లలు లేరు. ఇద్దరికీ ఐరిష్ పాస్‌పోర్ట్ వచ్చింది. మా వారు రెస్టారెంట్‌లో షెఫ్, నేను ఆఫీస్ ఉద్యోగం. చేతికి వచ్చేది ఆయనకు 2,350 యూరోలు, నాకు 2,650. నెలకు 1,100 మిగులుతుంది, బ్యాంకులో 19,000 ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని స్కీ ఊరు మెరిబెల్‌లో ఒక షాలేకి (అతిథులకు ఇచ్చే కొండ ఇంటికి) 'షాలే కపుల్'గా రమ్మని ఆఫర్ వచ్చింది. డిసెంబర్ 5 నుంచి ఏప్రిల్ 20 వరకు. ఉండటం, తిండి, లిఫ్ట్ పాస్ (కొండ మీదికి తీసుకెళ్ళే స్కీ లిఫ్టులకు), స్కీలు వాళ్ళవే. కోతలన్నీ పోను ఒక్కొక్కరికి నెలకు 1,150 చేతికి వస్తాయి. ఇక్కడ మేముంటున్న ఫ్లాట్ అద్దె 1,650, ఇండియాకి నెలకు 600 పంపాలి (అమ్మావాళ్ళకి, పాడేసిన చీటీకి). ఫ్లాట్ ఖాళీ చేసి వెళ్తే డబ్బు మిగులుతుందా? రెండేళ్ళలో ఇల్లు కొనాలన్న ఆలోచన కూడా ఉంది. మా అత్తగారు మాత్రం "ఇంత చదివి మంచు కొండల్లో ఎవరివో బాత్‌రూమ్‌లు కడగడానికి వెళ్తారా" అంటున్నారు.

జవాబు: డబ్బు మిగలదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరంలో లెక్కంతా మిగులు కోసమే వేశారు. అయినా వెళ్ళొద్దని నేను అనడం లేదు. మీ లెక్కలు చూశాక, కొన్ని ఏర్పాట్లు చేసుకుంటే ఈ సీజన్ ఖర్చు మీరు భరించగలరనే నాకు అనిపించింది.

ఈ పని గురించి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఆల్ప్స్‌లో స్కీయింగ్‌కి వచ్చే కుటుంబాలు, ముఖ్యంగా బ్రిటిష్ వాళ్ళు, వారం పాటు ఒక ఇల్లు తీసుకుంటారు. ఆ ఇంటిని నడిపేది ఒక జంట. ఒకరు వంట, ఇంకొకరు అతిథుల పని, శుభ్రం. ఉదయం వేడి టిఫిన్, సాయంత్రం టీకి కేకు, రాత్రికి వైన్‌తో మూడు కోర్సుల భోజనం, వారంలో ఆరు రోజులు. వారాంతంలో ఒక బృందం వెళ్ళిపోయి, అదే రోజు కొత్త బృందం దిగుతుంది. ఆ మధ్య కొద్ది గంటల్లో పక్కలు, బాత్‌రూమ్‌లు, వంటగది అన్నీ మెరవాలి. మెరిబెల్‌ని 1938లో మొదలుపెట్టిందే పీటర్ లిండ్సే అనే స్కాట్లాండ్ ఆయన. అందుకే అక్కడ ఇంగ్లిష్‌తో పని నడిచిపోతుంది. బ్రెగ్జిట్ తర్వాత, 2021 నుంచి, బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి ఇలాంటి ఉద్యోగానికి ఫ్రాన్స్ వీసా, పని అనుమతి కావాలి. మీ ఐరిష్ పాస్‌పోర్ట్‌కి అవేవీ అక్కర్లేదు. వంట చేతిలో ఉన్న షెఫ్, పైగా జంట, పైగా ఈయూ పాస్‌పోర్ట్. బేరమాడే బలం మీ దగ్గరే ఉంది. ఆ సంగతి గుర్తుపెట్టుకుని మాట్లాడండి.

ఇక లెక్క. నాలుగున్నర నెలలకు ఇద్దరికీ 10,350 వస్తాయి. ఫ్రాన్స్‌లో సీజన్ ఒప్పందం ముగిసేటప్పుడు వాడుకోని సెలవులకు మొత్తం జీతంలో సుమారు పది శాతం కట్టిస్తారు, అది చేతికి 1,200 వేసుకుందాం. మొత్తం 11,550. అతిథులు వెళ్ళేటప్పుడు కవర్‌లో పెట్టి ఇచ్చే టిప్పులను నేను లెక్కలోకి తీసుకోవడం లేదు, మీరూ తీసుకోకండి. ఫ్లాట్ ఉంచుకుంటే ఖర్చు ఇలా ఉంటుంది: అద్దె 7,425, ఇండియాకి 2,700, డబ్లిన్‌లో కారు ఇన్సూరెన్స్, ఫోన్ వగైరా 900. అక్కడ చేతిఖర్చు నెలకు 250 చొప్పున 1,125. ప్రయాణం, బట్టలు, బీమా కలిపి 1,000. అన్నీ కలిపితే 13,150. అంటే సీజన్‌లోనే 1,600 లోటు.

డబ్లిన్‌లో ఉంటే ఇదే కాలంలో 4,950 వెనకేసేవాళ్ళు, అదీ పోయినట్టే. మీరు జీతం లేని సెలవు మీద వెళ్తారనుకున్నా, తిరిగొచ్చాక మీకు మే నెలాఖరుకి గానీ మొదటి జీతం రాదు, మీ వారు కొత్త పని వెతుక్కోవాలి. ఆ నలభై రోజుల ఖర్చులో (నెలకు 3,900 లెక్కన 5,200) మీ జీతం తీసేస్తే ఇంకో 2,550 చేతి నుంచి పడుతుంది. మొత్తం కలిపి సుమారు 9,100 యూరోలు. ఇదే మీ సీజన్ అసలు ధర. చాలామంది ఏప్రిల్ 20 దాకా లెక్క వేసి ఆపేస్తారు. దెబ్బ తగిలేది ఆ తర్వాతే.

అయితే ఫ్లాట్ ఖాళీ చేస్తే ఆ 7,425 మిగులుతుంది కదా అని మీ ప్రశ్న. మీ బిల్డింగ్‌లోనే ఇలాంటి ఫ్లాట్ ఇప్పుడు 2,200కి వెళ్తోందని ఉత్తరం చివర రాశారు. మొత్తం ఉత్తరంలో ఖరీదైన వాక్యం అదే. మీలాంటి పాత కిరాయిదారులకు ఏడాదికి 2 శాతం మించి అద్దె పెంచకూడదన్న పరిమితి ఉంది కాబట్టి మీరింకా 1,650 దగ్గర ఉన్నారు. ఒకసారి తాళం చెవి ఇచ్చేశారంటే ఆ రక్షణ పోతుంది. ఏప్రిల్‌లో తిరిగొచ్చి 2,200కి ఇల్లు తీసుకుంటే నెలకు 550 అదనం. అంటే మీరు మిగుల్చుకున్న 7,425 పదమూడున్నర నెలల్లో తుడిచిపెట్టుకుపోతుంది. ఆ తర్వాత ప్రతి ఏటా 6,600 నష్టం. ఇల్లు కొనేదాకా ఆ రక్తస్రావం ఆగదు. ఇది కాక సామాను దాచడానికి అద్దె, ఫ్లాట్ దొరికేదాకా ఎవరింట్లోనో సర్దుకోవడం, కొత్త డిపాజిట్, వరుసలో నిలబడి ఫ్లాట్లు చూడటం. ఆ టెన్షన్ డబ్లిన్‌లో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ఫ్లాట్ వదలొద్దు. ఈ జవాబులో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే అది ఇదే కావాలి.

మధ్యేమార్గం ఒకటి ఉంది. ఇంటి యజమానిని అడిగి, ఆ నాలుగున్నర నెలలకు ఇంకొకరిని పెట్టడం. జనవరిలో చదువులకు, ఉద్యోగాలకు కొత్తగా దిగే మనవాళ్ళు తాత్కాలికంగా ఇల్లు దొరక్క అల్లాడుతుంటారు, మీకు తెలిసిన తెలుగు గ్రూపుల్లో అడిగితే మనుషులు దొరకడం కష్టం కాదు. కానీ యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా సబ్‌లెట్ చేస్తే మీ సొంత కిరాయి హక్కుకే ముప్పు. తెలిసినవాళ్ళే కదా అని నోటిమాట మీద ఇవ్వకండి. తేదీలతో, సామాను ఫోటోలతో కాగితం రాసుకోండి. మీరు కట్టే 1,650కి మించి వసూలు చేయకండి, మించితే ఆ మిగులు మీద పన్ను కూడా చూసుకోవాలి. అద్దె మొత్తం వాళ్ళే భరిస్తే మీ 9,100 కాస్తా 2,000 లోపుకి దిగుతుంది. సగం భరించినా ఐదున్నర వేలకు దిగుతుంది. ఈ ఒక్క అనుమతి కోసం యజమానితో కూర్చుని మాట్లాడటం, మెరిబెల్‌లో జీతం పెంచమని అడగడం కంటే ఎక్కువ లాభం.

రెండో పెద్ద విషయం మీ ఉద్యోగం. ఐర్లాండ్‌లో ఇలాంటి కారణానికి జీతం లేని సెలవు అడిగే చట్టపరమైన హక్కు లేదు, అది కంపెనీ ఇష్టం. మీ మేనేజర్ "చూద్దాంలే" అన్నారని రాశారు. ఆ మాట చాలదు. తిరిగి చేరే తేదీతో సహా ఈమెయిల్ రావాలి. అది రాకపోతే నా సలహా మారిపోతుంది: ఇద్దరూ ఉద్యోగం వదిలి వెళ్ళడం మీ 19,000 మీద నిలబడే పని కాదు. మీ వారి సంగతి వేరు, డబ్లిన్‌లో అనుభవం ఉన్న షెఫ్‌కి వేసవి ముందు పని దొరుకుతుంది.

బీమా గురించి కాస్త గట్టిగానే చెప్తాను. జంటగా వెళ్ళే పనిలో రెండు జీతాలు, గది, తిండి అన్నీ ఒకే యజమాని చేతిలో ఉంటాయి. పనిలో కాలు విరిగితే అది పని ప్రమాదం కిందికి వస్తుంది. సెలవు రోజున స్కీయింగ్‌లో మోకాలి లిగమెంట్ తెగితే రాదు, అప్పుడు మామూలు అనారోగ్య సెలవు నిబంధనలే. మూడు రోజులు ఏమీ రాదు, ఆ తర్వాత జీతంలో సుమారు సగం. అది కూడా అర్హత గంటలు పూర్తయితేనే. ఫ్రెంచ్ ఒప్పందం అయితే అనారోగ్యం కారణంగా మిమ్మల్ని తీసేయడానికి వీల్లేదు గానీ, ఒక్కరే ఇద్దరి పనీ చేయలేరు. ఆపరేషన్‌కి ఇంటికి వచ్చేస్తామనే అంటారు ఎక్కువమంది. స్కీ వాలుల మీద రక్షణ సిబ్బంది స్లెడ్జ్ మీద దించినా, హెలికాప్టర్ పిలిచినా ఆ బిల్లు గాయపడినవారి నుంచి వసూలు చేసుకునే అధికారం ఫ్రాన్స్‌లో ఊరి పాలక సంస్థలకు 1985 నాటి పర్వత చట్టం నుంచి ఉంది. యూరోపియన్ హెల్త్ కార్డు దీనికి పనికిరాదు. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావరకు ఒక ట్రిప్పుకి ఇన్ని రోజులేనని పరిమితి పెడతాయి, జీతానికి చేసే పనిని మినహాయిస్తాయి. సీజన్ మొత్తానికి, ఉద్యోగంతో సహా, గుర్తులు పెట్టిన స్కీ వాలుల బయటి మంచులో పడినా వర్తించే పాలసీ తీసుకోండి. లిఫ్ట్ పాస్‌తో పాటు అమ్మే రక్షణ బీమా కూడా చేర్చండి. ఈ రెండింటి మీద పొదుపు చేయొద్దు.

ఒప్పందం చదివేటప్పుడు ఇవి చూడండి. ఒప్పందం ఇద్దరికీ వేర్వేరుగా ఉండాలి, ఒకరు మానేస్తే రెండోది రద్దన్న షరతు ఉండకూడదు. ఫ్రాన్స్ కనీస వేతనం 2024 నవంబర్‌లో గంటకు 11.88 యూరోలు అయింది, వారానికి 35 గంటల లెక్కన నెలకు 1,801.80. తర్వాత పెరుగుతూనే ఉంటుంది, మీ కాగితంలో ఇప్పటి రేటు ఉందో లేదో చూడండి. ఇల్లు, తిండి కింద ఎంత కోస్తున్నారో విడిగా రాయించండి, అక్కడే మీ 1,150 ఇంకాస్త పెరిగే చోటుంది. పని గంటలు లెక్కపెట్టండి: పొద్దున ఏడు నుంచి పదకొండు, సాయంత్రం ఐదు నుంచి పది అంటే రోజుకు తొమ్మిది గంటలు. ఆరు రోజులకు 54. ఫ్రాన్స్‌లో వారానికి 48 దాటకూడదు, 35 దాటిన గంటలకు అదనపు రేటు ఇవ్వాలి. ఫిబ్రవరిలో ఫ్రెంచ్ స్కూళ్ళ సెలవులు మూడు జోన్లుగా నాలుగు వారాలు సాగుతాయి, కొండ కిక్కిరిసిపోయేది అప్పుడే. ఆ వారాల్లో గంటలు ఎలా రాస్తారో ముందే అడగండి. మొదటి రెండు వారాలు ప్రొబేషన్, ఏ పక్షమైనా ఆపేయొచ్చు. అందుకే తిరుగు ప్రయాణం డబ్బు విడిగా ఉంచుకోండి. 2020 మార్చి మధ్యలో కరోనాతో ఫ్రాన్స్‌లో స్కీ కేంద్రాలు ఒక్క రాత్రిలో మూతపడ్డాయి, ఆ తర్వాతి చలికాలమంతా మామూలు పర్యాటకులకు లిఫ్టులు తెరవలేదు. సీజన్ మధ్యలో ఆగిపోతే జీతం ఏమవుతుందన్న ప్రశ్నకు కూడా రాతలో సమాధానం తీసుకోండి.

పన్ను విషయంలో భయం అక్కర్లేదు. మీ సీజన్ రెండు క్యాలెండర్ సంవత్సరాల్లో పడుతుంది కాబట్టి రెండిట్లోనూ మీరు ఐర్లాండ్ నివాసులే. ఫ్రాన్స్ జీతానికి అక్కడ పన్ను పడొచ్చు, ఇక్కడ రిటర్న్‌లో చూపాలి, రెండు దేశాల ఒప్పందం వల్ల కట్టినదానికి క్రెడిట్ వస్తుంది. రెండో ఏడాది ఇక్కడి జీతం కొన్ని నెలలు లేకపోవడం వల్ల మీకు కొంత పన్ను వెనక్కి రావచ్చు కూడా. జీతం మీ ఐరిష్ ఖాతాలోకే వేయమనండి, యూరోలే కాబట్టి మారకం నష్టం లేదు.

ఇల్లు కొనే ఆలోచన ఉంది కాబట్టి ఇది కూడా చెప్పాలి. మొదటిసారి కొనేవాళ్ళకి బ్యాంకు ఇచ్చే అప్పు ఏడాది స్థూల ఆదాయానికి నాలుగు రెట్లు, మీరు పెట్టాల్సింది పది శాతం. బ్యాంకు చూసేది స్థిరమైన జీతం, నెలనెలా పొదుపు కనిపించే స్టేట్‌మెంట్లు. మీ వారు కొత్త ఉద్యోగంలో కుదురుకుని, పొదుపు మళ్ళీ కనిపించేసరికి ఒక ఏడాది పడుతుంది. రెండేళ్ళు కాస్తా మూడు అవుతాయనుకోండి. దానికి ఇద్దరూ సిద్ధమైతేనే వెళ్ళండి. కొత్త ఇంటికి హెల్ప్ టు బై (మొదటిసారి కొనేవాళ్ళకి కట్టిన పన్ను వెనక్కిచ్చే ప్రభుత్వ పథకం) కింద వచ్చే సొమ్ముకి గత నాలుగేళ్ళలో ఐర్లాండ్‌లో కట్టిన పన్నే ఒక పరిమితి, ఈ ఖాళీ అందులోనూ కొంచెం కనిపిస్తుంది.

డిసెంబర్‌కి ఇంకా నాలుగు నెలలుంది. ఇప్పటిలాగే పొదుపు చేస్తే బయల్దేరే రోజుకు 23,400 ఉంటాయి. 9,100లో 4,950 మీరు వెనకేయలేకపోయే సొమ్ము, చేతి నుంచి పోయేది 4,150. అది పోయినా 19,250 మిగులుతాయి, అది మీ దాదాపు ఐదు నెలల ఖర్చు. అందుకే భరించగలరన్నాను. వెళ్ళేముందు చీటీ వాయిదాలు, అమ్మావాళ్ళ డబ్బు ఐదు నెలలవి కలిపి 3,000 వేరే ఖాతాలో పెట్టి ఆటోమేటిక్‌గా వెళ్ళేలా చేయండి. పాడేసిన చీటీ కట్టడం ఆగితే ఇబ్బంది పడేది మీకు జామీను ఉన్నవాళ్ళు.

మీ అత్తగారి మాటకి కూడా జవాబు రాస్తాను, మీరు రాశారు కాబట్టి. మీ వారు పన్నెండు మందికి రోజూ మూడు పూటలా, ఇచ్చిన బడ్జెట్‌లో, ఒక్కచేతి మీద వండి పెట్టబోతున్నారు. రెస్టారెంట్‌లో ఒక మూల నిలబడి చేసే పని కాదిది, సొంతంగా వంటగది నడపడం. సొంత కేటరింగ్ పెట్టాలన్న కోరిక ఆయనకుందని మీరే రాశారు. ఆ కోరిక నిజమైతే 9,100లో కొంత భాగాన్ని దాని శిక్షణ ఖర్చుగా రాసుకోవడం న్యాయమే. అత్తగారికి ఇది చెప్పి చూడండి. బాత్‌రూమ్ కడగడం విషయానికొస్తే, అది నిజాయితీగా జీతం తెచ్చే పని, ఇంకేమీ చెప్పను.

చివరికి కాగితాల సంగతి. ఏప్రిల్‌లో బయల్దేరేముందు పే స్లిప్పులన్నీ, పని ధ్రువపత్రం తీసుకోండి. ఫ్రాన్స్ ఉపాధి సంస్థ 'ఫ్రాన్స్ ట్రావాయ్' నుంచి యూ1 అనే ఫారం తెచ్చుకోండి. మీ వారికి వెంటనే పని దొరక్కపోతే, అక్కడ కట్టిన వాటాలను ఇక్కడి నిరుద్యోగ భృతికి లెక్కలోకి తీసుకోవడానికి అదే ఆధారం. కొండ దిగి వచ్చాక అక్కడి ఆఫీసులతో ఉత్తరాలు నడపడం కష్టం, అక్కడ ఉండగానే దరఖాస్తు పెట్టించండి. ఈలోగా ఆఫర్‌కి ఒప్పుకోకముందే మీ మేనేజర్ ఈమెయిల్, ఇంటి యజమాని అనుమతి రెండూ చేతికి రావాలి. మొదటిది రాకపోతే వచ్చే చలికాలానికి వాయిదా వేయండి. రెండోది రాకపోతే 9,100 ధరకే వెళ్ళాలా వద్దా అని ఇద్దరూ కూర్చుని మళ్ళీ మాట్లాడుకోండి.