బీఓడీ సీసా నుంచి బొగ్గు లెక్క దాకా

ఎనర్జీ, ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ చదువు గురించి ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ విశాఖ చుట్టుపక్కల నుంచే. ఉక్కు కర్మాగారం, రిఫైనరీ, పోర్టు, థర్మల్ కేంద్రం, సముద్రం ఒకే చోట ఉన్న ఊరికి ఈ ప్రశ్నలు రాకపోతేనే వింత.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఎనర్జీ, ఎన్విరాన్‌మెంట్ ఇంజనీరింగే చదువుతానంటోంది. ఇది నిజంగా ఇంజనీరింగేనా, మొక్కలు నాటించే చదువా? మన ఊళ్లో ఎక్కడ చేరాలి?
— ఒక తండ్రి, గాజువాక

జవాబు: మొక్కల చదువు కాదండీ, పద్దుల చదువు. లోపలికి ఎంత సరుకు, ఎంత వేడి వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది, మిగిలింది గాలిలోకి పోయిందా నీటిలోకి పోయిందా అని తేల్చడమే దీని సారం. మీ పక్కనే ఉన్న ఉక్కు కర్మాగారాన్ని చూడండి. కోక్ ఓవెన్ నుంచి వెయ్యి డిగ్రీల వేడితో బయటపడే కోక్ (గాలి తగలకుండా కాల్చిన బొగ్గు) మీద నీళ్లు కుమ్మరిస్తే ఆ వేడంతా ఆవిరై పోతుంది. నీళ్లూ ఖర్చు, కలుషితమైన ఆవిరీ ఊరి మీదికే. అందుకే ఆ కర్మాగారంలో నీళ్లకు బదులు కోక్‌ను నైట్రోజన్ వాయువుతో చల్లార్చి, ఆ వాయువు మోసుకొచ్చే వేడితో బాయిలర్‌లో ఆవిరి పుట్టిస్తారు. ఆదా అయిన ఇంధనం, తగ్గిన కాలుష్యం ఒకే పరికరం చేసిన పని. ఎనర్జీని, ఎన్విరాన్‌మెంట్‌ను కలిపి చదివించడానికి కారణం ఇదే.

బీటెక్‌లోనే ఈ పేరుతో బ్రాంచి వెతకడం కన్నా కెమికల్, మెకానికల్, సివిల్‌లలో ఒకటి చదివి, ఎంటెక్‌లో ఇటు రావడం మంచిదని మా అభిప్రాయం. ఉద్యోగ ప్రకటనల్లో అర్హతగా అడిగేవి ఎక్కువగా ఆ పాత పేర్లే. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాలలో బీటెక్ సీట్లకు ఈఏపీసెట్ రాయాలి. 2016లో మొదలైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం అండ్ ఎనర్జీలో పెట్రోలియం, కెమికల్ ఇంజనీరింగ్ ఉన్నాయి, అక్కడికి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. ఎంటెక్‌కు గేట్ దారి. 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్‌కు గేట్‌లో విడిగా పేపరు ఉంది.

ఏ కాలేజీ అయినా బ్రోచర్‌లోని ఆకుపచ్చ బొమ్మలు చూడకండి, సిలబస్ కాగితం తెప్పించుకోండి. థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ అండ్ మాస్ ట్రాన్స్‌ఫర్, ప్రాసెస్ కాలిక్యులేషన్స్ అనే నాలుగూ మొదటి రెండున్నరేళ్లలో ఉండాలి. ఇందులో రెండు లేకపోతే అది పేరుకే ఇంజనీరింగ్.

ప్రశ్న: బైపీసీ చదివాను. ఈ రంగంలోకి రావచ్చా?
— ఒక విద్యార్థిని, తగరపువలస

జవాబు: బీటెక్‌కు కుదరదు, ఇంటర్‌లో గణితం ఉండాలి. కెమిస్ట్రీతో బీఎస్సీ, ఆపైన ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్‌లో ఎమ్మెస్సీ మీ దారి. పరిశ్రమల ల్యాబుల్లో, పర్యావరణ ప్రభావ అధ్యయనాలు చేసే కన్సల్టెన్సీల్లో ఆ డిగ్రీకి పని ఉంటుంది. కానీ శుద్ధి ప్లాంటు డిజైన్ చేసే బాధ్యత దాదాపుగా ఇంజనీరుదే. ఇది తెలిసి చేరండి.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం, మెకానికల్. థర్మల్ కేంద్రానికి మాస్ బ్యాలెన్స్, ఎనర్జీ బ్యాలెన్స్ వేయమన్నారు. నాకు వచ్చిన బొగ్గు పరిమాణం తక్కువగా ఉందని సార్ తిప్పికొట్టారు. సూత్రం సరిగానే వాడాను. తప్పెక్కడ?
— ఒక విద్యార్థి, అనకాపల్లి

జవాబు: మీరు పంపిన కాగితం చూశాం. సూత్రం సరైనదే. తప్పు బొగ్గు తేమలో ఉంది.

పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రంలో ఉన్నవి 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు. అలాంటి యూనిట్ ఒకటి తీసుకుందాం. హీట్ రేటు, అంటే ఒక యూనిట్ (కిలోవాట్ అవర్) కరెంటుకు కావలసిన వేడి, మీరు అనుకున్నట్టే 2,300 కిలోక్యాలరీలు. గంటకు 5 లక్షల యూనిట్ల కరెంటు కాబట్టి కావలసిన వేడి 115 కోట్ల కిలోక్యాలరీలు. దీన్ని మీరు బొగ్గు కెలోరిఫిక్ విలువ (కిలో బొగ్గు ఇచ్చే వేడి) 4,200 కిలోక్యాలరీలతో భాగించారు, గంటకు 274 టన్నులు వచ్చింది. ఆ 4,200 ల్యాబులో గాలికి ఆరబెట్టిన నమూనాది, దాని తేమ 5 శాతం. బాయిలర్‌కు బొగ్గు అందించే బంకర్‌లోకి పడే బొగ్గు తేమ మీ కాగితంలోనే 15 శాతం అని ఉంది. అంటే తగలబడే బొగ్గు విలువ 4,200 × 85 ÷ 95, సుమారు 3,758. ఇప్పుడు భాగిస్తే గంటకు 306 టన్నులు. తేడా 32 టన్నులు, రోజుకు దాదాపు 770. అయిదు రోజులకు ఒక గూడ్స్ ర్యాకు బొగ్గు మీ కాగితం మీద మాయమైంది.

మిగతా లెక్క ఈ 306 మీదే కట్టండి. బూడిద 36 శాతమైతే గంటకు 110 టన్నులు. ఇందులో అయిదింట నాలుగు వంతులు ఫ్లై యాష్‌గా (పొగతో ఎగిరే బూడిదగా) దాన్ని విద్యుత్తుతో పట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్‌కు వెళ్తుందనుకోండి, అది 88 టన్నులు. గంధకం 0.5 శాతమైతే 1.53 టన్నులు. ఒక పాలు గంధకానికి రెండు పాళ్లు సల్ఫర్ డయాక్సైడ్ కాబట్టి గంటకు 3 టన్నుల పైమాట. బూడిద, గంధకం శాతాలు కూడా తేమ బొగ్గు మీద ఇచ్చినవేనా అని సరిచూసుకోండి, అక్కడా ఇదే ఉచ్చు ఉంది. చివరికి ఒక పరీక్ష పెట్టుకోండి. కార్బన్ 40 శాతమైతే గంటకు 122 టన్నులు, 44 ÷ 12తో గుణిస్తే 449 టన్నుల కార్బన్ డయాక్సైడ్. 5 లక్షల యూనిట్లకు పంచితే యూనిట్‌కు 0.9 కిలో. మన బొగ్గు కేంద్రాలకు ఈ సంఖ్య ఒకటికి కొంచెం అటూఇటూగా ఉంటుంది. మీకు 0.5 వచ్చిందంటే పైన ఎక్కడో బేసిస్ (తడి బొగ్గు లెక్కా, ఆరిన బొగ్గు లెక్కా అన్నది) మారిపోయిందన్నమాట.

ప్రశ్న: ఎంటెక్ ప్రాజెక్టుకు హార్బర్ వైపు కాలువ కలిసే చోట నీళ్లు పట్టాం. బీఓడీ లీటరుకు 18 మిల్లీగ్రాములు, సీఓడీ 950. ఇంత తేడా ఉంటే పారిశ్రామిక కాలుష్యమే అని రాసేయవచ్చా?
— ఒక విద్యార్థి బృందం, అక్కయ్యపాలెం

జవాబు: రాయకండి. బీఓడీ అంటే నీటిలోని మలినాలను సూక్ష్మజీవులు తినడానికి పట్టే ఆక్సిజన్, సీఓడీ అంటే వాటిని రసాయనంతో ఆక్సీకరణం చేయడానికి పట్టే ఆక్సిజన్. ముందు ఆ నీటిని నాలుక మీద కాకుండా సిల్వర్ నైట్రేట్‌తో రుచి చూడండి. పొటాషియం క్రోమేట్ వేసి టైట్రేషన్ చేస్తే ఇటుక రంగు తిరిగేచోట క్లోరైడ్ తెలిసిపోతుంది.

సీఓడీలో వాడే డైక్రోమేట్ మలినాలనే కాదు, ఉప్పులోని క్లోరైడ్‌ను కూడా ఆక్సీకరణం చేస్తుంది. ఒక మిల్లీగ్రాము క్లోరైడ్ 0.226 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌కు సమానమైన డైక్రోమేట్‌ను తినేస్తుంది. క్లోరైడ్ లీటరుకు 4,000 మిల్లీగ్రాములు ఉంటే అదొక్కటే సీఓడీని 900 దాకా చూపించగలదు. సముద్రపు నీటిలో క్లోరైడ్ 19,000 ప్రాంతంలో ఉంటుంది, కాబట్టి పోటు సమయంలో పట్టిన నమూనాలో 4,000 ఉండటం పెద్ద విశేషమేమీ కాదు. మీ 950లో ఎంత మురికో, ఎంత ఉప్పో ఇంకా తేలలేదు.

మెర్క్యురిక్ సల్ఫేట్ క్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది. బరువులో క్లోరైడ్‌కు పది రెట్లు వేయాలి. 20 మిల్లీలీటర్ల నమూనాలో క్లోరైడ్ లీటరుకు 2,000 అయితే ఉండేది 40 మిల్లీగ్రాములు, దానికి 0.4 గ్రాములు. చాలా ల్యాబుల్లో ఎవరు వచ్చినా ఒకే చెంచాతో ఇదే మోతాదు వేస్తారు, ఉప్పు నీళ్లు వచ్చిన రోజు కథ అడ్డం తిరుగుతుంది. మెర్క్యురిక్ సల్ఫేట్‌ను నమూనాలో ముందు వేసి కలిపాకే, ఉత్ప్రేరకమైన సిల్వర్ సల్ఫేట్ ఉన్న ఆమ్లం పోయాలి. క్రమం తిరగబడితే వెండి క్లోరైడ్‌తో కలిసి తెల్లగా అడుగున పడుతుంది, ఉత్ప్రేరకం పని చేయదు. క్లోరైడ్ 2,000 దాటితే నమూనాను పలచన చేయండి. అయితే సముద్రపు నీటిని పదింతలు పలచన చేస్తే అసలు మలినం కూడా పదో వంతవుతుంది, బ్యూరెట్‌లో ఒక చుక్క పొరపాటు ఫలితాన్ని ఊపేస్తుంది. అంత ఉప్పు ఉన్నచోట సీఓడీ పట్టుదల వదిలి టోటల్ ఆర్గానిక్ కార్బన్ కొలిపించడం మేలు. పాదరసం కలిసిన ఆ వ్యర్థాన్ని సింకులో పారబోయకుండా వేరే డబ్బాలో దాచండి. కాలుష్యం కొలిచే ల్యాబే పాదరసాన్ని కాలువలోకి వదలడం ఏం బాగుంటుంది?

ఇక బీఓడీ. పాఠ్యపుస్తకాల్లో 20 డిగ్రీలు, 5 రోజులు అని ఉంటుంది. మన ప్రమాణాలు 27 డిగ్రీలు, 3 రోజుల మీద రాసినవి. ఏది చేశారో రిపోర్టులో రాయకపోతే పోల్చడానికి వీల్లేదు. వేడి మాత్రమే ఇచ్చే మామూలు ఇంక్యుబేటర్ మే నెలలో 27 దగ్గర నిలవదు. గదిలో 33 ఉంటే లోపలా అంతే, ఫలితం ఎక్కువ చూపిస్తుంది. చల్లబరిచే యంత్రం ఉన్న బీఓడీ ఇంక్యుబేటరే వాడాలి. మామూలు మురుగు నీటికి బీఓడీ 200 ఉంటుందనుకుంటే 300 మిల్లీలీటర్ల సీసాలో 6 మిల్లీలీటర్ల నమూనా చాలు, ఆక్సిజన్ లీటరుకు సుమారు 4 మిల్లీగ్రాములు తగ్గుతుంది. కనీసం 2 తగ్గాలి, చివర్లో కనీసం 1 మిగలాలి. ఈ రెండూ లేని సీసాను లెక్కలోకి తీసుకోకండి. మూడో రోజు మిగిలిన ఆక్సిజన్ కొలవడానికి మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ వేయగానే గోధుమరంగు కాకుండా తెల్లని అవక్షేపం వచ్చిందంటే ఆక్సిజన్ అయిపోయినట్టే, నమూనా ఎక్కువ పోశారు. మూత చుట్టూ నీటి సీలు ఆరిపోయినా, లోపల బుడగ చిక్కినా గాలి చేరి బీఓడీ తక్కువ చూపిస్తుంది. మీ 18 వెనుక ఇంకో అనుమానం కూడా ఉంది. సూక్ష్మజీవులు బతకలేని పారిశ్రామిక వ్యర్థం కలిసి ఉంటే బీఓడీ తక్కువే వస్తుంది. ఇంటి మురుగు నీటిని స్థిరపరచి సీడ్‌గా (సూక్ష్మజీవుల విత్తనంగా) కలిపి, రెండు మూడు పలచనల్లో మళ్లీ చేయండి. పలచన పెరిగిన కొద్దీ లెక్కగట్టిన బీఓడీ పెరుగుతూ పోతే విషం ఉన్నట్టే. అప్పుడు మీరు రాయదలచిన వాక్యానికి బలం వస్తుంది.

ప్రశ్న: చవక సెన్సర్లతో పోర్టు ధూళి కొలిచే ప్రాజెక్టు తీసుకున్నాం. తెల్లవారుజామున రీడింగులు విపరీతంగా పెరుగుతున్నాయి. బొగ్గు దించడం వల్లేనా?
— ఇద్దరు విద్యార్థినులు, ఎంవీపీ కాలనీ

జవాబు: ముందు తేమను అనుమానించండి. ఈ సెన్సర్లు ధూళిని తూచవు, దాని మీద పడి చెదిరిన వెలుతురును కొలుస్తాయి. తేమ 75 శాతం దాటితే గాలిలోని ఉప్పు రేణువులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, సెన్సర్ దాన్ని ధూళి కింద రాస్తుంది. మన ఊళ్లో తెల్లవారుజామున ఆ తేమ మామూలే. పక్కనే తేమ సెన్సర్ పెట్టి రెండూ గ్రాఫు వేయండి, కలిసి లేచి కలిసి దిగుతుంటే విషయం తేలినట్టే. అనుమతి దొరికితే కాలుష్య నియంత్రణ మండలి నిరంతర పరిశీలన కేంద్రం పక్కన రెండు వారాలు ఉంచి సవరణ సమీకరణం తయారు చేసుకోండి.

ఇంకో చిక్కుంది. బొగ్గు, ఇనుప ఖనిజం దించేటప్పుడు లేచేది ఎక్కువగా పెద్ద రేణువుల ధూళి. చవక సెన్సర్‌కు అది సరిగా కనబడదు, అది చూపే పీఎం 10 (10 మైక్రాన్ల లోపు రేణువుల) సంఖ్య చాలావరకు ఊహ. మీ ప్రశ్నకు గాలిని పీల్చి ధూళిని ఫిల్టర్ మీద పట్టే రెస్పిరబుల్ డస్ట్ శాంప్లరే కావాలి. నిమిషానికి 1.1 ఘనపు మీటర్ల చొప్పున 24 గంటలు పీలిస్తే 1,584 ఘనపు మీటర్లు. ఫిల్టర్ బరువు 190 మిల్లీగ్రాములు పెరిగితే ఘనపు మీటరుకు 120 మైక్రోగ్రాములు, 24 గంటల పరిమితి 100. ఫిల్టర్‌ను ముందూ వెనుకా డెసికేటర్‌లో (తేమ లాగేసే మూత పాత్రలో) ఉంచే తూచాలి, లేకపోతే ఇక్కడా తేమే మోసం చేస్తుంది. గాలి దిశ గంట గంటకూ రాసుకోండి. పగలు సముద్రం నుంచి, రాత్రి నేల నుంచి వీస్తుంది కాబట్టి ఒక రోజు సగటులో పోర్టు పక్క గాలి, ఊరి పక్క గాలి కలిసిపోతాయి.

ప్రశ్న: ఎనర్జీ ఆడిటర్ పరీక్ష చదువు అవగానే రాయవచ్చా?
— ఒక బీటెక్ విద్యార్థి, సబ్బవరం

జవాబు: వీలు కాదు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పెట్టే ఈ పరీక్షకు ఇంజనీరింగ్ డిగ్రీ తర్వాత ఇంధన వినియోగానికి సంబంధించిన పనిలో మూడేళ్ల అనుభవం కావాలి. మూడు పేపర్లు ఎనర్జీ మేనేజర్‌కు, నాలుగోది కూడా గట్టెక్కితే ఆడిటర్‌కు. ఈలోగా బాయిలర్, కంప్రెసర్, పంపు, కూలింగ్ టవర్ ఈ నాలుగింటి సామర్థ్యం లెక్కలు చేతికి అలవాటు చేసుకోండి. పరీక్షలో గట్టిగా అడిగేవీ, ప్లాంటులో మొదటి రోజు చేయించేవీ అవే.