దేవరకొండలో మాట్లాడబోయే బిడ్డకు

నల్గొండ

చిరంజీవి బిడ్డకు,

అమెరికాలో జాతి వివక్ష ఎలా నడుస్తుందో దేవరకొండ గ్రంథాలయంలో చెప్పమన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. ఏళ్ల తరబడి సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి, నాకు తోచింది రాస్తున్నా.

పోలీసు చేతిలో చనిపోయిన నల్లవాడు జార్జ్ ఫ్లాయిడ్ వీడియోతో మాత్రం మొదలుపెట్టకు. చూసినవాళ్లు ఆ పోలీసును తిట్టుకుంటారు, వాడికి శిక్ష పడిందని తెలిసి ఊరుకుంటారు. నువ్వు చెప్పాల్సింది చెడ్డవాడు ఎదుట లేకపోయినా సాగే అన్యాయం గురించి. ఇంటి లోనుతో మొదలుపెట్టు. లోను సంగతి తెలియనివాళ్లు మన దగ్గర ఎవరున్నారు?

1930లలో అక్కడి ఒక సర్కారు సంస్థ నగరాల మ్యాపులు గీయించింది. నల్లవాళ్లుండే పేటలకు దాదాపు ప్రతిచోటా ఎర్ర రంగే. అంటే అక్కడ అప్పిస్తే ప్రమాదమని. 1934లో ఇంటి అప్పులకు పూచీ పడేందుకు పెట్టిన సంస్థ కూడా అలాంటి పేటలను దూరం పెట్టింది. మామూలు జీతాల తెల్లవాళ్లు ఇళ్లు కొనుక్కున్నారు, ధరలు పెరిగాయి, ఆ ఇల్లే పిల్లల చదువుకు ఆసరా అయింది. 1968లో చట్టం ఈ వివక్షను నిషేధించింది. కానీ తాత కొనలేకపోయిన ఇల్లు మనవడికి ఎక్కడి నుంచి వస్తుంది? పైగా అక్కడ బడులకు వచ్చే డబ్బులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్నుదే. ఇళ్ల ధర తక్కువున్న చోట ఆ రాబడీ తక్కువే. ఇవాళ ఆ పన్ను లెక్కగట్టే ఉద్యోగికి ఎవరి మీదా ద్వేషం ఉండనక్కర్లేదు. ఇక్కడ కాసేపు ఆగు బిడ్డా, వాళ్లను ఆలోచించుకోనివ్వు.

"మావాడు డాలస్‌లో మంచిగనే ఉన్నాడు, కష్టపడితే ఎవరైనా పైకొస్తారు" అని ఒక తండ్రి తప్పకుండా లేస్తాడు. ఆయన్ని చిన్నబుచ్చకు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీని తెల్లవాడివి కాదంటూ అక్కడి సుప్రీంకోర్టు పౌరసత్వానికి అనర్హుణ్ణి చేసిందని చెప్పు. 1946 తర్వాత కూడా అక్కడికి వలస వెళ్లడానికి మన దేశానికి ఏడాదికి వంద మంది కోటాయే. నల్లవాళ్ల పౌరహక్కుల పోరాటం దేశాన్ని కదిలించిన రోజుల్లో, 1965లో, దేశాలవారీ ఆ పాత కోటాలను రద్దు చేశారు. కొడుకు కష్టం నిజమే. కానీ ఆ దారి ఎవరి పోరాటం వల్ల తెరుచుకుందో ఆయనకు తెలియాలి.

కులం మాట వస్తుంది, రానివ్వు. జాతి, కులం ఒకటేనని మాత్రం అనకు, రెండింటి చరిత్రలు వేరు. ఊరు ఒక దిక్కు, వాడ ఒక దిక్కు ఎందుకున్నాయో, నల్గొండలో కిరాయికి ఇల్లడిగితే "మీరు ఏమోళ్లు" అని ఎందుకంటారో వాళ్లనే చెప్పమను. 1950లో రాజ్యాంగంలోని ఒక అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అప్పటికే భూమి ఎవరి చేతుల్లో ఉందో, ఆ పంపకాన్ని మాత్రం ఆ అధికరణం ముట్టుకోలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

"మేమేం చేశాం?" అని ముందు వరుసలో ఎవరైనా కోపగించుకుంటే, తప్పు ఒప్పుకోమని అడగకు. ఏ నియమం వల్ల ఎవరికి ఏది అందకుండా పోయిందో చూడమను, చాలు.

ఆ పాత మ్యాపులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. అట్లాంటాది పెద్దగా ప్రింట్ తీయించి గోడకు అంటించు. అరగంటకు మించి మాట్లాడకు, మిగతా సమయం ప్రశ్నలకు వదులు. మైకు ముందుగా వెనక కూర్చున్న ఆడవాళ్లకు పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన