ఎర్రరు నోరు నొక్కకే అమ్మడూ

అమలాపురం

చి. సుజాతకి, మావయ్య ఆశీస్సులు.

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో వచ్చే ప్రామాణిక లైబ్రరీలో ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) బగ్గు సరిచేయడానికి పూనుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అదేమిటో ఆవిడకి తెలీదు గానీ గొంతు నిండా గర్వమే. నాకూ అంతే, కాకపోతే కాస్త గుబులు కూడా ఉంది. నీ ప్రోగ్రాంలో తప్పు చేస్తే నీతో పోతుంది. లైబ్రరీలో చేస్తే ఎవరి పేర్లు ఎక్కడ చెడిపోయాయో పట్టుకోడం కూడా కష్టం.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. గిట్‌హబ్‌లో ఆ ఇష్యూ (బగ్గు ఫిర్యాదు) ముందే ఉందేమో వెతుకు, సీఎల్ఏ (కోడు ఇచ్చేవాళ్ళ ఒప్పందం) సంతకం చెయ్యి, ఫెయిలయ్యే టెస్టు రాశాకే కోడు ముట్టుకో.

ఇక నా భయం. విండోస్‌లో ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైలు తెరిస్తే 3.14 వరకూ పైథాన్ ఆ కంప్యూటర్ లొకేల్‌ని (భాషా ప్రాంతాల సెట్టింగుని) నమ్ముతుంది. ఇంగ్లీషు విండోస్‌లో అది సాధారణంగా సీపీ1252, అక్షరానికి ఒకే బైటు వాడే పాత ఎన్‌కోడింగ్. అన్ని భాషలకీ పనికొచ్చే యూటీఎఫ్-8లో తెలుగు కోడు పాయింటు (అక్షరానికో గుణింతం గుర్తుకో యూనికోడ్ ఇచ్చిన నంబరు) ఒక్కోటి 3 బైట్లు: మొదటిది ఎప్పుడూ హెక్స్‌లో (పదహార్ల లెక్కలో) ఈ0 (E0), రెండోది బీ0 గానీ బీ1 గానీ. అందుకే చెడిన తెలుగంతా ఒకేలా కనిపిస్తుంది. నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో. అది కనబడితే మరో ఆలోచన వద్దు, యూటీఎఫ్-8ని ఎవరో 1252 లాంటిదేదో అనుకుని చదివారు.

అసలు మెలిక మూడో బైటులో ఉంది. పైథాన్ సీపీ1252 పట్టికలో 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ, ఈ ఐదూ ఖాళీ. మన కొమ్ము (ు) మూడో బైటు 81, పొల్లు (్) మూడో బైటు 8డీ. ఏ 8ఎఫ్‌తో, ఐ 90తో, ఝ 9డీతో ముగుస్తాయి. దాంతో భీమవరం, యానాం, కాకినాడ కిక్కురుమనకుండా చెత్తగా లోపలికొచ్చేస్తాయి. అమలాపురం, తణుకు, పాలకొల్లు దగ్గర మాత్రం చార్‌మ్యాప్ ఎర్రరు పడుతుంది. అందరూ ఆ ఎర్రరు మీద పడి ఏడుస్తారు గానీ, ఎర్రరు పడని భీమవరం కూడా అప్పటికే చెడింది.

అప్పుడు ప్రతివాడూ చేసే పని, ఎర్రర్స్ దగ్గర ఇగ్నోర్ (చదవలేని బైటుని వదిలెయ్యి) అని రాయడం. ఎర్రరు మాయం, అందరికీ ఆనందం. జరిగిందేమిటో చూడు. చెడిన భీమవరాన్ని తిరిగి సీపీ1252లో ఎన్‌కోడ్ చేసి (బైట్లుగా మార్చి) యూటీఎఫ్-8గా డీకోడ్ చేస్తే (అక్షరాలుగా చదివితే) పేరు చెక్కుచెదరకుండా వచ్చేస్తుంది. ఇగ్నోర్ పెట్టిన పాలకొల్లు అలా రాదు. పొల్లులో 8డీ పోయింది, కొమ్ములో 81 పోయింది, రెంటికీ ఈ0 బీ1 మాత్రమే మిగిలింది. ఏది పొల్లో ఏది కొమ్మో ఇక ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. ఏ, ఐ, ఝ కూడా అలాగే ఒకే ఈ0 బీ0గా కలిసిపోతాయి. రీప్లేస్ పెట్టినా నష్టం అదే, పోయిన చోట గుర్తు పడుతుందంతే. జావా భాషలో బైట్ల నుంచి స్ట్రింగు (అక్షరాల వరస) కట్టే కన్‌స్ట్రక్టర్ అడక్కుండానే ఆ రీప్లేస్ పని చేసేస్తుంది, నాకు దాని మీద అందుకే కోపం. నీ తొందర నాకు తెలుసు. రాత్రి రెండింటికి టెస్టు పచ్చబడాలని చెయ్యి ఇగ్నోర్ మీదకి పోతుంది. ఆ పూటకి లాప్‌టాప్ మూసి పడుకో తల్లీ.

బైట్లు ఏ ఎన్‌కోడింగో తెలీకపోయినా పోగొట్టుకోకూడదనుకుంటే లాటిన్-1గా చదువు. అందులో 256 బైట్లకీ చోటుంది, తిరిగి అవే బైట్లు వస్తాయి. ఫైలు పేర్లకైతే పైథాన్ 3.1 నుంచీ సరొగేట్ఎస్కేప్ అనే పద్ధతి ఉంది: డీకోడ్ కాని 80 నుంచి ఎఫ్ఎఫ్ దాకా బైట్లని డీసీ80 నుంచి డీసీఎఫ్ఎఫ్ దాకా ఉన్న కోడు పాయింట్లలో దాచిపెడుతుంది. అలాంటి పేరు ప్రింట్ చేస్తే ఎర్రరు రావడం బగ్గు కాదు, దాన్ని బాగుచేయబోకు.

తప్పు లైబ్రరీదా, దాన్ని తన ప్రోగ్రాంలోంచి పిలిచినవాడిదా అన్నది ముందు తేల్చు. వాడు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే అది వాడి తప్పు. లైబ్రరీయే తన ఫైలుని లోపల ఎన్‌కోడింగ్ లేకుండా తెరిస్తే అది మన పని. 3.10 నుంచీ వార్న్ డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ అనే ఎక్స్ ఆప్షన్ (-X) పెట్టి నడిపితే అలాంటి చోట్లు ఎన్‌కోడింగ్ వార్నింగ్‌తో బయటపడతాయి. ఐతే ఆ ఫైలు పాత వెర్షన్ రాసిందైతే సీపీ1252లో ఉండొచ్చు. హఠాత్తుగా యూటీఎఫ్-8 అంటే అది తెరుచుకోదు. డిఫాల్ట్ మార్పు కొత్త వెర్షన్‌లోనే పెట్టాలి, బగ్‌ఫిక్స్ రిలీజులో కాదు. పెప్ 686 (పైథాన్ మార్పుల ప్రతిపాదనల్లో ఒకటి) కూడా యూటీఎఫ్-8ని డిఫాల్ట్ చేయడం 3.15 దాకా ఆపింది ఇలాంటి జాగ్రత్తతోనే. లైబ్రరీ చూసుకునే పెద్దవాళ్ళు నీ పుల్ రిక్వెస్టు (మార్పు చేర్చుకోమన్న అర్జీ) తిప్పి పంపితే మొహం మాడ్చుకోకు, ఇదే అడుగుతారు.

ముక్కలుగా చదివే కోడు కనిపిస్తే అనుమానించు. 8192 బైట్ల బఫర్‌లో (ఒక విడతలో చదివే ముక్కలో) 3 బైట్ల కోడు పాయింట్లు 2730 పట్టి 2 బైట్లు మిగులుతాయి. ముక్కని ముక్కగా డీకోడ్ చేస్తే అక్కడ తెగుతుంది. తెగిన బైట్లని తర్వాతి ముక్క దాకా పట్టి ఉంచే ఇంక్రిమెంటల్ డీకోడర్ ఉన్నది అందుకే.

రిపోర్టులో స్క్రీన్‌షాట్ పెట్టకు, టెర్మినలే తప్పు చూపిస్తూ ఉండొచ్చు. బైట్ల హెక్స్, స్ట్రింగు ఆస్కీ రూపం, పైథాన్ వెర్షన్, లొకేల్ ఎన్‌కోడింగ్ పెట్టు.

టెస్టులోకి కాకినాడ ఒక్కటీ ఎక్కించి ఊరుకోకు. తణుకు, పాలకొల్లు, ఐ.పోలవరం పెట్టు. వైనతేయ కూడా పెట్టు: ఆ ఐత్వం ఒక కోడు పాయింటుగానూ రాయొచ్చు, రెండుగానూ రాయొచ్చు. పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైలు పేరుని విడగొట్టి దాస్తుంది, ఎన్ఎఫ్‌సీకి (కలిపి రాసే రూపానికి) మార్చకుండా పోలిస్తే పైథాన్ రెండు వైనతేయలూ వేరంటుంది. అవన్నీ పాసయ్యాక ప్యాచ్ నాకోసారి పంపు.

మావయ్య