మిత్స్వాను పుణ్యం అనకు

చిరంజీవికి ఆశీస్సులు.

యూదుల సత్కార్యాల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి వాక్యంలోనే 'మిత్స్వా అంటే పుణ్యకార్యం' అన్నావు. వ్యాసం దారి తప్పింది అక్కడే. ఆ మాట పుట్టిన మూడక్షరాల ధాతువుకు అర్థం ఆజ్ఞాపించడం. మిత్స్వా అంటే దేవుడు చెయ్యమని విధించిన పని. తెలుగు బైబిల్లో 'ఆజ్ఞ' అని ఉన్నది దీనికే. ఎవరికైనా సాయపడితే 'మిత్స్వా చేశాడు' అనడం వాడుకలో ఉంది, తూర్పు ఐరోపా యూదుల భాష ఇద్దిష్‌లో మరీను. ఆ వాడుక గురించి తప్పకుండా రాయి, కాని మూలార్థం చెప్పాకే రాయి. మన పుణ్యానికి దగ్గరగా వచ్చే మాట హీబ్రూలో వేరే ఉంది: జెఖూత్.

యూదుల ధర్మచర్చల గ్రంథమైన తల్ముద్‌లో రబ్బీ (మతగురువు) సిమ్లాయి చెప్పిన లెక్క ప్రకారం ఆజ్ఞలు 613. అందులో చెయ్యమన్నవి 248, వద్దన్నవి 365. పేదవాడికి చెయ్యి చాచడం ఎలా మిత్స్వానో, పస్కా పండుగ నాటి రాత్రి పులియని రొట్టె తినడమూ అలాగే మిత్స్వా. ఇది చెప్పకపోతే పాఠకుడు మిత్స్వా అంటే దానధర్మాలే అనుకుంటాడు. అదే తల్ముద్‌లో రబ్బీ హనీనా మాట ఒకటుంది: ఆజ్ఞ ఉండి చేసినవాడు, ఆజ్ఞ లేకపోయినా చేసినవాడికంటే గొప్పవాడు. మనకిది తలకిందులుగా తోస్తుంది. ఆజ్ఞ ఉన్నవాడిని ఎక్కడ తప్పిపోతానోనన్న బెంగ వదలదని, లేనివాడు ఎప్పుడంటే అప్పుడు మానుకోవచ్చని వ్యాఖ్యాతలు కారణం చెప్పారు. దీనికి ఒక పేరా పూర్తిగా ఇవ్వు.

ఇక త్సెదాకా. దీన్ని 'దానం' అని సరిపెట్టావు. దాని ధాతువులో ఉన్నది న్యాయం. ఆదికాండము 15:6లో 'నీతి' అని మనం చదివేది ఈ మాటనే. అయితే 'దానం కాదు, న్యాయం' అని ప్రకటించి ఊరుకుంటే ఎవరికీ ఎక్కదు. పాఠకుణ్ణి పొలంలోకి తీసుకెళ్ళు. లేవీయకాండము 19:9 పొలం ఓరలు పూర్తిగా కోయవద్దంటుంది, పరిగె, అంటే కోతలో రాలిన కంకులు, ఏరుకోవద్దంటుంది. పరిగె మన రైతుల మాటే, ధైర్యంగా వాడు. ఓర ఎంత వదలాలి? పంటలో అరవయ్యో వంతుకు తగ్గకూడదని తల్ముద్‌కు మూలమైన ధర్మసంగ్రహం మిష్నా చెబుతుంది. పైకి హద్దు లేదు. కోస్తుండగా ఒకటి రెండు కంకులు రాలితే పేదలవి, ఒక్కచోట మూడు రాలితే రైతువి. పిడికిలి నిండా కోశాక ముల్లు గుచ్చుకుని చేతిలోవి కింద పడ్డాయా, అవీ రైతువే. ఇంత సూక్ష్మంగా చూశారు! ఇక అన్నిటికంటే ముఖ్యమైనది: ఒక పేదవాణ్ణి ఏరుకోనిచ్చి ఇంకొకణ్ణి ఆపినా, వారిలో ఒకడికి మాత్రమే ఏరడంలో సాయపడినా, ఆ రైతు పేదలను దోచుకున్నట్టే. దయ చూపానని అతను అనుకోవచ్చు, కాని ఆ గింజలు అతనివి కావు. త్సెదాకా అర్థం ఇక్కడ దానంతటదే తెలిసిపోతుంది.

పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమొనిదెస్ త్సెదాకాకు చెప్పిన ఎనిమిది మెట్లను నువ్వు జాబితాగా దించేశావు. మూడు చాలు. అన్నిటికన్నా కింద, మనసులో బాధపడుతూ ఇవ్వడం. పైనుంచి రెండోది, ఇచ్చేవాడెవరో పుచ్చుకునేవాడికి, పుచ్చుకునేవాడెవరో ఇచ్చేవాడికి తెలియకపోవడం. అన్నిటికన్నా పైన, మనిషి చెయ్యి చాచాల్సిన పరిస్థితి రాకముందే అప్పో, వ్యాపారంలో భాగస్వామ్యమో, పనో ఇచ్చి నిలబెట్టడం.

నువ్వు అసలు ముట్టుకోనిది గెమిలుత్ హసదీమ్, అంటే కృపతో చేసే మేళ్ళు. ఇందులోని 'హెసెద్'ను మన బైబిలు 'కృప' అంటుంది. త్సెదాకా కంటే ఇది మూడు విధాల గొప్పదని తల్ముద్ అంటుంది. అది డబ్బుతోనే, ఇది డబ్బుతోనూ ఒంటి కష్టంతోనూ. అది పేదలకే, ఇది ధనికులకు కూడా. అది బతికున్నవారికే, ఇది చనిపోయినవారికి కూడా. శవాన్ని కడిగి, బట్ట చుట్టి, పూడ్చిపెట్టడాన్ని 'హెసెద్ షెల్ ఎమెత్', అంటే సత్యమైన కృప అంటారు. పోయినవాడు తిరిగి ఏమీ ఇవ్వలేడు కదా.

ఉచ్చారణకు బెదరకు. ఇప్పటి హీబ్రూలో వినిపించే 'త్స', చలి, చాప అనేటప్పుడు మన నాలుక పలికే దంత్య చకారమే. పాత నిఘంటువుల్లో ౘ అని కనిపిస్తుంది. ఒక్కో మాటకు ఒకే వర్ణక్రమం పెట్టుకో, నీ వ్యాసంలో త్సెదాకా మూడు రకాలుగా ఉంది.

ముందు పొలం పేరాను తిరగరాసి పంపు. మిగతావి దాని తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో.