పాలకొల్లు ప్రాంతంలో వాడుకోవడానికి సెకండ్‌హ్యాండ్ ప్రీమియం ఎలక్ట్రిక్ కారు కొనొచ్చా? ఏమేం చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఇల్లు పాలకొల్లు దగ్గర పల్లెలో. ఆక్వా చెరువుల పని మీద రోజుకు 80, 100 కిలోమీటర్లు తిరుగుతారు, నెలలో ఒకటి రెండుసార్లు విజయవాడ, అప్పుడప్పుడు హైదరాబాద్ వెళ్తారు. హైదరాబాద్‌లో 2021 ఆడి ఇ-ట్రాన్ 55 ఒకటి, 2022 కియా ఈవీ6 ఒకటి కొత్త ధరలో సగం దగ్గరకి దొరుకుతున్నాయి. కొనొచ్చా, కొంటే ఏది? ఇంట్లో చార్జింగ్ సరిపోతుందా అన్న కంగారు కూడా ఉంది.

కొనొచ్చండి. అయితే ఆ ధర ఎందుకు అంత పడిపోయిందో ముందు చూడండి. వారంటీ దాటాక హై వోల్టేజ్ భాగం ఏదైనా పోతే ఆ బిల్లు ఎవరు కట్టాలన్న భయమే ఆ తగ్గింపులో ఎక్కువ భాగం. కారు చేతులు మారిన రోజు నుంచి ఆ భయం మీది. అందుకే తిరిగిన కిలోమీటర్లు, పెయింటు, సీట్ల కన్నా ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: కారు ఎప్పుడైనా నీళ్లలో మునిగిందా, ఏ భాగానికి ఎప్పటిదాకా వారంటీ ఉంది. ఈ రెండూ తేలకపోతే ఎంత చవకైనా వదిలేయండి.

ముందు నీళ్ల సంగతి. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2022 సెప్టెంబరులో బెంగళూరు, 2023 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. ఆ నాలుగు చోట్లా ఖరీదైన కార్లు చాలా నీళ్లలో నిలిచాయి. బీమా కంపెనీ టోటల్ లాస్ అని తేల్చిన కారు వేలంలో అమ్ముడై, శుభ్రం చేయించుకుని మళ్లీ మార్కెట్లోకి రావడం కొత్త కాదు. ఆర్‌సీ ఏ ఊరిదో, ఆ తేదీల్లో కారు ఎక్కడుందో అడగండి. సర్వీసు రికార్డులో ఆ నెలల తర్వాత పెద్ద ఖాళీ కనిపిస్తే అక్కడే ఆగండి.

బ్యాటరీ పెట్టె సాధారణంగా ఐపీ67 రకం. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుంది. వరదలో కారు రెండు రోజులు నిలుస్తుంది, అది వేరే లెక్క. పైగా పెట్టెలోకి చుక్క నీరు పోకపోయినా సీట్ల కింద, కార్పెట్ కింద ఉండే కంట్రోల్ మాడ్యూళ్లు, కనెక్టర్లు తడుస్తాయి. అవి వెంటనే చావవు. ఆరు నెలలకో ఏడాదికో పిన్నులకు పచ్చగా చిలుము పట్టి, ఒక్కో వార్నింగ్ లైటూ మొదలవుతుంది. కాబట్టి ఇవి చూడండి: సీటు బెల్టును చివరిదాకా లాగి అడుగు భాగంలో బురద గీత; సీటు రైలు బోల్టులకు తుప్పు; కార్పెట్ అంచు ఎత్తి కింది ఫోమ్‌లో చెమ్మ; డిక్కీ అడుగున మూలల్లో ఒండ్రు; హెడ్‌లైటు లోపల ఆవిరి; బానెట్ కింద నారింజ రంగు కేబుళ్ల కనెక్టర్ల దగ్గర తెల్లటి, పచ్చటి పొడి. ఆ నారింజ కేబుళ్లను చేత్తో కదపకండి, చూపుతోనే చూడాలి. స్టీరింగు అరిగి మెరుస్తుంటే, కార్పెట్లు మాత్రం కొత్తవైతే కారణం అడగండి. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే స్కానర్ పెట్టినప్పుడు, హై వోల్టేజ్ కరెంటు బాడీకి లీకవుతోందని చెప్పే ఐసొలేషన్ లేదా ఇన్సులేషన్ ఫాల్ట్ కోడ్ ఒక్కటి కనిపించినా, పాతదే అన్నా, బేరం అక్కడితో సరి.

బీమా పాలసీ కాగితం కూడా కొంత చెబుతుంది. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35, 45, 50 శాతాలుగా పెరుగుతుంది. నాలుగేళ్లు దాటిన కారు పాలసీలో ఈ ఏడాది సున్నా ఉంటే నిరుడు క్లెయిమ్ జరిగి ఉండొచ్చు, కారణం అడగండి. కానీ 50 ఉన్నంత మాత్రాన నిశ్చింత పడకండి. ఆ బోనస్ కారుది కాదు, యజమానిది. పాత కారు నుంచి తెచ్చి పెట్టుకోవచ్చు. క్లెయిమ్ వివరాలు యజమాని చేతే బీమా కంపెనీ నుంచి మెయిల్లో తెప్పించండి.

ఇక వారంటీ. ఈ తరగతి కార్లలో చాలావాటికి బ్యాటరీ మీద 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. లెక్క మొదలయ్యేది కారును మొదటిసారి అమ్మిన తేదీ నుంచి. మామూలుగా కెపాసిటీ 70 శాతం కన్నా పడిపోతేనే వారంటీ కింద బ్యాటరీని బాగు చేస్తారు. 78 శాతం ఉంటే కంపెనీ లెక్కలో అది బాగున్న బ్యాటరీయే, మీకు మాత్రం దూరం తగ్గిన బ్యాటరీ. చాలామంది తడబడేది మరోచోట. ఈ 8 ఏళ్లు బ్యాటరీ ప్యాక్‌కే. కారులోని చార్జరు, డీసీ కన్వర్టరు, ఏసీ కంప్రెసరు, ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలితో కారును మోసే ఏర్పాటు) తరచుగా మామూలు వారంటీ కిందికే వస్తాయి, అది 2021 కారుకు పొడిగించకపోతే అయిపోయి ఉంటుంది. ఈ కార్లలో ఏసీ కంప్రెసరే బ్యాటరీని కూడా చల్లబరుస్తుంది. అది నీరసిస్తే మే నెలలో క్యాబిన్ చల్లబడకపోవడంతో పాటు ఫాస్ట్ చార్జింగ్ కూడా నత్తనడక పడుతుంది. అందుకే ఛాసిస్ నంబరు ఇచ్చి, ఏ భాగానికి ఏ తేదీ వరకు, రెండో యజమానికి వర్తిస్తుందా లేదా, అధీకృత సర్వీసు సెంటర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట చెల్లదు.

మీరు చూస్తున్న ఈవీ6 విషయంలో ఒక భాగం పేరు గుర్తుంచుకోండి: ఐసీసీయూ. బ్యాటరీ చార్జింగును, చిన్న 12 వోల్టుల బ్యాటరీకి కరెంటు ఇవ్వడాన్ని చూసుకునే పెట్టె అది. అది పాడైతే 12 వోల్టుల బ్యాటరీ నిండదు, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వస్తుంది, కారు శక్తి తగ్గించుకుని చివరికి రోడ్డు మీద ఆగిపోవచ్చు. 2022 మార్చి 3 నుంచి 2023 ఏప్రిల్ 14 మధ్య తయారైన 1,138 ఈవీ6 కార్లను దీనికోసం కియా 2024 మార్చిలో మన దేశంలో వెనక్కి పిలిచింది. 2025 ఫిబ్రవరిలో 1,380 కార్లకు సాఫ్ట్‌వేర్ మార్పు కోసం మరోసారి పిలిచింది. మీ 2022 కారుకు ఈ పనులు పూర్తయ్యాయా, ఐసీసీయూ మార్చారా, సాఫ్ట్‌వేరు మాత్రమే వేశారా అన్నది సర్వీసు సెంటర్ రాసే జాబ్ కార్డులో ఉండాలి. హ్యుందాయ్ అయానిక్ 5 చూసినా ఇదే ప్రశ్న. దానిలోనూ ఇదే సమస్యకు 2024లో 1,744 కార్లను పిలిచారు. ఇంకొకటి, ఈవీ6, అయానిక్ 5 రెండింటి బ్యాటరీకి వాడేది కరెంటు తక్కువ పారే ప్రత్యేకమైన నీలం కూలెంటు. బయటి మెకానిక్ మామూలు కూలెంటు కలిపితే ఇన్సులేషన్ సమస్యలు మొదలవుతాయి. డబ్బా మూత తీయకుండానే రంగు కనిపిస్తుంది, చూడండి.

ఆడిలో నేనైతే ముందు ఎయిర్ సస్పెన్షన్ చూస్తాను. రాత్రి చదునైన చోట పెట్టించి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు నాలుగు మూలలా టేపుతో కొలవండి. పొద్దున్నే కారు తియ్యకముందు మళ్లీ కొలవండి. ఒక మూల రెండు సెంటీమీటర్లు దిగితే గాలి కారుతోందన్నమాట. ఈ ఖర్చు చిన్నది కాదు. కరెంటు వాడకంలోనూ తేడా ఉంది. రెండున్నర టన్నుల ఆడి వంద కిలోమీటర్లకు 24, 26 యూనిట్లు తింటుంది, ఈవీ6 18, 20తో వెళ్తుంది. దానివల్ల 95 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఆడి కన్నా 77.4 యూనిట్ల ఈవీ6 ఎక్కువ దూరం పోతుంది.

బ్యాటరీ ఆరోగ్యం స్కానర్‌లో చూపించే శాతంతో తేల్చకండి. కియా, హ్యుందాయ్ కార్లు కొన్నేళ్లపాటు వందే చూపిస్తాయి. డీసీ (ఫాస్ట్) చార్జరు దగ్గరకు 10 శాతంతో తీసుకెళ్లి 80 దాకా నింపి, బిల్లులో యూనిట్లు చూడండి. వాడదగ్గ కెపాసిటీ 80 యూనిట్లున్న కారు అనుకుందాం. 70 శాతం నింపడానికి 56 కావాలి, చార్జింగులో వృథా అయ్యేది ఐదారు శాతం కలిపితే బిల్లు 59, 60 రావాలి. 51తోనే నిండిపోతే, 51లో 6 శాతం తీసేసి 0.7తో భాగిస్తే 68 చిల్లర. అంటే బ్యాటరీ 85 శాతం దగ్గరుంది. నాలుగేళ్ల కారుకు 90 పైన ఉంటే బాగుంది, 85 దగ్గరుంటే ధర దించమనాలి. అదే సమయంలో స్కానర్‌లో సెల్ వోల్టేజీల కనిష్ఠం, గరిష్ఠం కూడా చూడండి. తేడా 0.02 వోల్టు ఉంటే పరవాలేదు, 0.1 దాటితే ఏదో ఒక మాడ్యూల్ నీరసంగా ఉంది. చార్జింగ్ మధ్యలో వేగం ఒక్కసారిగా పడిపోతే ఆ చార్జరు రెండో గన్‌కు ఇంకో కారు తగిలించారేమో చూసుకోండి. మన వైపు 60 కిలోవాట్ల చార్జర్లు ఇద్దరొస్తే చాలాచోట్ల సగం సగం పంచుతాయి. ఈవీ6కి ఉన్న 800 వోల్టుల చార్జింగ్ వేగం మన దారుల్లో పెద్దగా పనికిరాదు, దానికోసం అదనంగా డబ్బు పెట్టకండి.

కారును లిఫ్టు మీద ఎక్కించకుండా కొనొద్దు. కాలువ గట్ల రోడ్లు, ఊళ్లలో ఎత్తైన స్పీడ్ బ్రేకర్లు, నర్సాపురం - సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు ఎక్కే ర్యాంపు, ఇవన్నీ అడుగు రాసుకునే చోట్లే. బ్యాటరీ పెట్టె అడుగు రేకుకు గీతలుంటే సరే, సొట్ట ఉంటే వద్దు. సొట్ట చూపించి వారంటీ కాదనడానికి కంపెనీకి అవకాశం ఉంటుంది. బ్రేకులు కూడా చూడండి. ఈ కార్లు చాలావరకు మోటారుతోనే వేగం తగ్గించుకుంటాయి, బ్రేకు ప్యాడ్లకు పని తక్కువ. మన ఉప్పుగాలికి, చెమ్మకి వెనక డిస్కులు తుప్పు పట్టి, క్యాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి. కొన్నాక వారానికోసారి రీజెన్ (మోటారుతో వేగం తగ్గించే ఏర్పాటు) తగ్గించి నాలుగైదు గట్టి బ్రేకులు వేస్తే డిస్కులు శుభ్రంగా ఉంటాయి.

ఇంట్లో చార్జింగ్ గురించి మీరు అనవసరంగా కంగారు పడుతున్నారు. రోజుకు 100 కిలోమీటర్లంటే ఈవీ6కి 20 యూనిట్లు, ఆడికి 25. సరైన వైరింగుతో 16 ఆంపియర్ల పాయింటు గంటకు 3 యూనిట్లు ఇస్తుంది, రాత్రి ఈవీ6కి ఎనిమిది గంటలు, ఆడికి తొమ్మిది గంటలు సరిపోతాయి. సాయంత్రం మోటార్లన్నీ నడిచే వేళ వోల్టేజి 190కి పడిపోతుంటే రాత్రి 11 తర్వాత మొదలయ్యేలా కారులోనే టైము పెట్టండి. వాల్‌బాక్స్ (గోడకు బిగించే చార్జరు) పెట్టాలనుకుంటే 7.4 కిలోవాట్లకు 32 ఆంపియర్లు. మీటరు నుంచి దూరం 15 మీటర్లు దాటితే 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేయించండి. దూరం ఎంతైనా 40 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ముందుగా కరెంటు ఆఫీసు (ఈపీడీసీఎల్)లో లోడు పెంచుకోండి. అసలు తిప్పలు ఎర్తుతో వస్తాయి. మన నేల తడిగా ఉంటుంది కాబట్టి ఎర్తు బాగుంటుందనుకుంటారు. ఉప్పునేలలో జీఐ పైపు నాలుగైదేళ్లకే తినేసిపోతుంది. చార్జింగ్ నడుస్తుండగా న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య మల్టీమీటరు పెట్టండి. 5 వోల్టులు దాటితే కొన్ని కార్లు ఫాల్ట్ చూపించి ఆగిపోవచ్చు. రాగి పూత రాడ్డుతో కొత్త ఎర్తు గొయ్యి తవ్వించండి.

చెరువుల దగ్గర త్రీ ఫేజ్ ఉంది కదా అని అక్కడ మాత్రం కారు పెట్టకండి. ఆక్వా సబ్సిడీ మీటరు కరెంటును వేరే పనికి వాడటం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం. తనిఖీలో దొరికితే కారుతో పోదు, చెరువు కనెక్షన్‌కే చిక్కు.

కాగితాల్లో ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి. తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్ను మాఫీ ఇచ్చారు. ఆ మాఫీని నమ్ముకుని ధర లెక్క వేసుకోవద్దు. ఎన్‌ఓసీతో ఇటు తెచ్చి ఏపీ నంబరు వేయించేటప్పుడు ఎంత కట్టాలో మీ జిల్లా రవాణా ఆఫీసులో ముందే కనుక్కుని, ఆ మొత్తం బేరంలో తగ్గించమనండి. ఫారం 28 ఎన్‌ఓసీకి, 29, 30 యాజమాన్య బదిలీకి, అప్పు ఉంటే తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఫారం 35. నంబరు ప్లేటు ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలై ఉండాలి. పసుపు అక్షరాలుంటే అది ట్యాక్సీగా తిరిగిన కారు.

డబ్బు పూర్తిగా ఇచ్చేముందు పాత యజమాని తన ఫోన్ యాప్‌లోంచి కారును తీసేయాలి, మీ ఎదురుగానే. లేకపోతే కారు ఎక్కడుందో ఆయనకు కనిపిస్తూనే ఉంటుంది, తలుపులు కూడా తెరవగలరు. రెండు తాళాలు, కారుతో వచ్చిన పోర్టబుల్ చార్జరు, టైప్ 2 కేబుల్ లెక్కపెట్టి తీసుకోండి.

రెండింట్లో ఏదంటే, మీ తిరుగుడుకి ఈవీ6. షరతులు రెండు: రీకాల్ పనులు జాబ్ కార్డులో కనిపించాలి, ఐసీసీయూకు వారంటీ ఎప్పటిదాకానో రాసి ఇవ్వాలి. రాసివ్వకపోతే, ఎయిర్ సస్పెన్షన్ పరీక్షలో నెగ్గి, పొడిగించిన వారంటీ ఇంకా ఏడాదైనా మిగిలి ఉంటేనే ఆడి వైపు చూడండి. బయానా ఇచ్చేటప్పుడు, అధీకృత సర్వీసు సెంటర్ తనిఖీలో బ్యాటరీ, ఇన్సులేషన్ లేదా వరద లోపం తేలితే డబ్బు పూర్తిగా వాపసు అని రసీదు మీదే రాయించండి. విజయవాడ, విశాఖ, హైదరాబాద్‌లలో హై వోల్టేజ్ పని చేసే సెంటరు ఏదో కూడా ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. అన్ని షోరూముల్లో ఆ పని చేయరు. కారు ఆగిపోతే చక్రాల మీద లాక్కెళ్లకూడదు, ఫ్లాట్‌బెడ్ ట్రక్కు మీద ఎక్కించే తీసుకెళ్లాలి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ మీ ఊరిదాకా వస్తుందో లేదో, ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితమో అదే ఫోన్లో అడిగేయండి.